గచ్చిబౌలి పిన్ కోడ్ 500032: ఈ సంఖ్యకు తగిలించిన పేర్లలో గట్టివేవి, తేలికవేవి

ప్రశ్న క్లుప్తంగా ఇది. తొమ్మిదో తరగతి అమ్మాయికి "మీ ఇంటి పిన్ కోడ్‌ని సంఖ్యగా తీసుకుని దాని ధర్మాలు రాయండి" అని ప్రాజెక్టు ఇచ్చారు. ఇల్లు గచ్చిబౌలిలో, కాబట్టి సంఖ్య 500032. పాప 64 × 7813 దాకా వచ్చి, 7813 ప్రధాన సంఖ్య అని ఆపేసింది. నెట్‌లో వెతికితే ఈ సంఖ్యకు అబండెంట్, ప్రాక్టికల్, ఓడియస్, గ్యాప్‌ఫుల్, వేస్ట్‌ఫుల్, అన్‌హ్యాపీ అంటూ బోలెడు పేర్లు కనిపించాయి. వాటిలో ఏవి రాయాలి, చేత్తో ఎలా సరిచూసుకోవాలి, ఇదే పద్ధతి పది పదహారు అంకెల సంఖ్యకూ నడుస్తుందా?

ముందు ఆ తప్పు సరిచేద్దాం. 7813 ప్రధాన సంఖ్య కాదు. అది 13 × 601. పిల్లలు ఇక్కడ ఆగిపోవడానికి కారణం తేలిగ్గానే దొరుకుతుంది. బడిలో నేర్పే భాజనీయతా సూత్రాలు 11తో అయిపోతాయి. 7813 అంకెల మొత్తం 19 కనుక 3 పోదు. చివర 3 ఉంది కనుక 5 పోదు. 7తో భాగిస్తే శేషం 1. 11కి ఏకాంతర మొత్తం 7 − 8 + 1 − 3 = −3, అదీ పోదు. చేతిలో సూత్రాలు అయిపోయాయి కాబట్టి "ప్రధానం" అని రాసేస్తారు. ఆగాల్సిన చోటు సూత్రాలు అయిపోయిన చోటు కాదు, వర్గమూలం. 7813 వర్గమూలం 88, 89 మధ్య ఉంటుంది. అంటే 83 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ ప్రయత్నించాకే ఆ మాట అనాలి.

7, 11, 13 మూడింటినీ ఒకే తీసివేతతో పరీక్షించే కిటుకు ఒకటి ఉంది. 7 × 11 × 13 = 1001. అందువల్ల సంఖ్యని కుడి నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడగొట్టి, ఏకాంతరంగా కూడి తీసేస్తే, వచ్చినదానికీ అసలు సంఖ్యకీ ఈ మూడింటితో భాగించినప్పుడు శేషాలు ఒకటే. 500032 అంటే 500, 032. తేడా 468. 468 = 36 × 13, కాబట్టి 13 పోతుంది. 468ని 7 గానీ 11 గానీ భాగించవు, కాబట్టి ఆ రెండూ పోవు. ఇక 601 సంగతి. దాని వర్గమూలం 25 లోపే, 23 వరకు చూస్తే చాలు. 7తో శేషం 6, 11తో 7, 13తో 3, 17తో 6, 19తో 12, 23తో 3. 2, 3, 5 చూడగానే పోవు. 601 ప్రధానమే. కాబట్టి

500032 = 2⁶ × 13 × 601

ఈ ఒక్క వరుస సరిగ్గా వస్తే ప్రాజెక్టులో ముప్పాతిక భాగం అయిపోయినట్టే. ఇది తప్పితే కింద ఏ లెక్కా నిలవదు.

అసలు ఈ విభజనకి భాగహారాలే అక్కర్లేదు. సంఖ్యని 5,00,000 + 32 అని చూడండి. 5,00,000 = 2⁵ × 5⁶, 32 = 2⁵. ఉమ్మడిగా 2⁵ బయటికి తీస్తే లోపల 5⁶ + 1 మిగులుతుంది. 5⁶ అంటే 25 ఘనం. రెండు ఘనాల మొత్తం సూత్రం తొమ్మిదో తరగతి పాఠంలోదే: 25³ + 1³ = (25 + 1)(625 − 25 + 1) = 26 × 601. 26లో ఇంకో 2, ఒక 13. అంతే, ఉన్నపళంగా విభజన వచ్చేసింది. నా అభిప్రాయంలో ప్రాజెక్టు మొదటి పేజీ మీద ఉండాల్సింది ఇదే. మరే పిన్ కోడ్‌కైనా ఇలా కుదురుతుందని అనుకోవద్దు. 500కీ 32కీ మధ్య ఉన్న బంధుత్వం వల్ల ఇక్కడ కుదిరింది.

ఇక పేర్ల సంగతి. వెబ్‌సైట్ జాబితాలో అన్నీ ఒకే వరుసలో ఉంటాయి కానీ వాటిలో రెండు జాతులున్నాయి. కొన్ని కారణాంకాల నుంచి వస్తాయి. ఆ సంఖ్యని తెలుగంకెల్లో రాసినా, కంప్యూటర్ లోపల రాసినా, గోడ మీద గీతలు గీసినా అవి మారవు. మిగతావి మనం పది ఆధారంగా రాస్తున్నాం కాబట్టి మాత్రమే ఉన్నవి. వేరే ఆధారంలో రాస్తే ఊడిపోతాయి. మొదటి జాతి సంఖ్య ధర్మం, రెండో జాతి రాతకి ధర్మం. ప్రాజెక్టులో ఈ రెండింటినీ వేరువేరు పేజీల్లో రాయించండి. టీచర్‌కి పాప విషయం అర్థం చేసుకుందని అక్కడే తెలుస్తుంది.

కారణాంకాల సంఖ్యతో మొదలుపెడదాం. ఘాతాలకి ఒక్కొక్కటి కలిపి గుణించాలి: 7 × 2 × 2 = 28. ఎందుకంటే ప్రతి కారణాంకంలోనూ 2 అనేది 0 నుంచి 6 సార్లు వరకు ఉండొచ్చు (ఏడు అవకాశాలు), 13 ఉండొచ్చు లేకపోవచ్చు, 601 కూడా అంతే. పట్టికగా రాయడం తేలిక. అడ్డంగా 1, 13, 601, 7813, నిలువుగా 1, 2, 4, 8, 16, 32, 64. గళ్లలో లబ్ధాలు నింపితే 28 కారణాంకాలూ ఏదీ జారిపోకుండా వస్తాయి. జతలు వెతుక్కుంటూ పోతే 1, 500032 అనే రెండిటిలో ఏదో ఒకటి మర్చిపోవడం మామూలే. పోలికకి, దగ్గర్లోనే ఉన్న 498960కి 200 కారణాంకాలున్నాయి. అది రామానుజన్ 1915లో అధ్యయనం చేసిన అత్యధిక సంయుక్త సంఖ్యల కోవలోది, అంటే తన కంటే చిన్న ఏ సంఖ్యకీ అన్ని కారణాంకాలు ఉండవు. దాని పక్కన 28 అంటే పెద్ద గొప్పేం కాదు.

కారణాంకాల మొత్తం అదే పట్టికలోంచి వస్తుంది. నిలువు వరుస మొత్తం 127, అడ్డం వరుస మొత్తం 1 + 13 + 601 + 7813 = 8428. 127 × 8428 = 10,70,356. సంఖ్యకి రెట్టింపు 10,00,064. మొత్తం దాన్ని దాటింది కాబట్టి ఇది అబండెంట్. తనని వదిలేసి మిగతా కారణాంకాలు కూడినా 5,70,324 వస్తుంది, తన కంటే ఎక్కువ. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. 2⁶ కారణాంకాల మొత్తాన్ని 1 + 64 = 65 అని వేసేస్తారు. మధ్యలో ఉన్న 2, 4, 8, 16, 32 గాలికి పోతాయి. అప్పుడు 65 × 14 × 602 = 5,47,820 వచ్చి, సంఖ్య "డెఫిషియెంట్" అని తిరగబడిన సమాధానం తేలుతుంది. ఇలాంటి తప్పు పట్టుకోవడానికి ఒక చిన్న సరిచూత చాలు. సరి సంఖ్యకి తానూ తనలో సగమూ రెండూ కారణాంకాలే. ఇక్కడ ఆ రెండే 7,50,048. మొత్తం అంతకంటే తక్కువ వచ్చిందంటే లెక్క తప్పు, ఇంక ఆలోచించనక్కర్లేదు.

నిజానికి అబండెంట్ అని తేల్చడానికి ఈ గుణకారం కూడా అవసరం లేదు. 104 = 8 × 13 తీసుకోండి. దాని కారణాంకాల మొత్తం 15 × 14 = 210, రెట్టింపు 208. రెండే రెండు ఎక్కువతో గట్టెక్కింది. అబండెంట్ సంఖ్యకి ఏ గుణిజమైనా అబండెంటే. 500032 = 104 × 4808. పని అయిపోయింది. 52 మాత్రం అబండెంట్ కాదు (98, 104 కంటే తక్కువ). అంటే ఈ సంఖ్యలో "ఎక్కువ" అనేది సరిగ్గా 104 దగ్గర పుట్టింది.

28 కారణాంకాల సగటు కూడా ఒకసారి చూడండి: 10,70,356 ÷ 28 = 38,227. శేషం లేదు. సగటు పూర్ణ సంఖ్య అయితే దానికి అరిథ్‌మెటిక్ నంబర్ అని పేరు. ఇది అంత అరుదైన ధర్మమేం కాదు గానీ, ముందు చేసిన రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయని చూపడానికి పనికొస్తుంది.

ప్రాక్టికల్ అన్న పేరు నాకు ఈ జాబితాలో అన్నిటికంటే ఇష్టం. ఈ మాటని 1948లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వాడింది ఎ. కె. శ్రీనివాసన్. అర్థం ఇదీ: సంఖ్య వరకు ఉన్న ప్రతి పూర్ణ సంఖ్యనీ దాని వేరువేరు కారణాంకాల మొత్తంగా రాయగలగాలి. కిరాణా కొట్టులో తూకం రాళ్లలా అనుకోండి, ఒక్కో రాయి ఒక్కటే ఉంటుంది, అయినా ఏ బరువైనా తూచగలగాలి. ఐదు లక్షల సంఖ్యలు ఒక్కొక్కటీ పరీక్షించనక్కర్లేదు. స్టీవర్ట్ (1954), సియెర్పిన్‌స్కీ (1955) ఇచ్చిన నియమం ఉంది. ప్రధాన కారణాంకాలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చండి. ప్రతి కొత్త ప్రధానం, అప్పటిదాకా కట్టిన భాగపు కారణాంకాల మొత్తానికి 1 కలిపినదాన్ని దాటకూడదు. ఇక్కడ 2⁶ మొత్తం 127, కాబట్టి 128 వరకు అనుమతి, 13 లోపలే ఉంది. 2⁶ × 13 మొత్తం 127 × 14 = 1778, కాబట్టి 1779 వరకు అనుమతి, 601 లోపలే ఉంది. నెగ్గింది. ఉదాహరణకి 1000 = 601 + 208 + 104 + 52 + 26 + 8 + 1. ఏడూ 500032కి కారణాంకాలే. పాప చేత తనకిష్టమైన మూడు నాలుగు సంఖ్యలకి ఇలా చేయించండి. ముందు 601 గుణిజాలు తీసేయడం, తర్వాత 13 గుణిజాలు, చివర 2 ఘాతాలు. ఇదీ వరస.

తనని తాను కూడా తన చిన్న కారణాంకాలతో కట్టుకోగలదు. సగం చేసుకుంటూ పోండి: 2,50,016 + 1,25,008 + 62,504 + 31,252 + 15,626 + 7,813. ఇక్కడికి ఇంకా 7813 తక్కువ. 13 = 8 + 4 + 1 కాబట్టి 7813 = 4808 + 2404 + 601. ఆ మూడూ కలిపితే సరిగ్గా 500032. దీన్ని సెమీపర్ఫెక్ట్ అంటారు. జుంకెల్లర్ అన్న పేరు కూడా కనిపిస్తే కంగారుపడొద్దు. 28 కారణాంకాలనీ సమాన మొత్తాలున్న రెండు కుప్పలుగా పంచగలమని దాని అర్థం, ఒక్కో కుప్ప 5,35,178. ప్రాక్టికల్ సంఖ్యకి కారణాంకాల మొత్తం సరి సంఖ్య అయితే ఇది దానంతటదే వస్తుంది, వేరే రుజువు అవసరం లేదు.

ఆయిలర్ ఫై అనేది తర్వాతి లెక్క. 500032తో సాపేక్ష ప్రధానాలైన (అంటే దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని), అంతకంటే చిన్న సంఖ్యలెన్ని అని. 32 × 12 × 600 = 2,30,400. ఇది 480 వర్గం, చూడముచ్చటగా కుదిరింది. ఇక్కడి తప్పు కూడా 2⁶ దగ్గరే జరుగుతుంది. 64 − 1 = 63 వేస్తే 4,53,600 వస్తుంది. కానీ సరి సంఖ్యతో సాపేక్ష ప్రధానాలన్నీ బేసి సంఖ్యలే, బేసి సంఖ్యలు సగం మించి ఉండవు. కాబట్టి 2,50,016 దాటితే అక్కడే కొట్టేయొచ్చు.

ఇప్పుడు రెండు వర్గాల మొత్తం. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన కారణాంకాలు బేసి ఘాతంతో ఉంటే సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా రాయలేం. ఇక్కడ 13, 601 రెండూ శేషం 1 జాతివి, అడ్డంకి లేదు. 13 = 2² + 3², 601 = 24² + 5². ఈ రెండిటినీ గుణించే సూత్రం, (a² + b²)(c² + d²) = (ac ± bd)² + (ad ∓ bc)², ప్లస్‌తో ఒకసారి మైనస్‌తో ఒకసారి వాడితే 7813 = 62² + 63², అలాగే 82² + 33². రెండు చోట్లా 8తో హెచ్చిస్తే

500032 = 496² + 504² = 656² + 264²

ఇంకో విధం లేదు, ఈ రెండే. 496 అనేది పరిపూర్ణ సంఖ్య, అంటే తనని వదిలేసి మిగతా కారణాంకాలు కూడితే తానే వచ్చేది (6, 28 తర్వాతది). చూసి మురిసిపోవచ్చు గానీ దాని వెనక లోతైన కారణమేదీ లేదు. (500 − 4)² + (500 + 4)² = 2 × (500² + 4²) = 5,00,000 + 32, అంతే. ప్రాజెక్టులో "కాకతాళీయం" అని రాస్తేనే నిజాయితీ. వర్గాల తేడాగా మాత్రం 10 విధాలు ఉన్నాయి. రెండూ సరి సంఖ్యలైన కారణాంకాల జతలు ఎన్నో అన్ని. దగ్గరి జత 1202, 416. వాటి సగటు 809, తేడాలో సగం 393, కాబట్టి 809² − 393². వరస సంఖ్యల మొత్తంగా మూడు విధాలు, 1 కాని బేసి కారణాంకాలు మూడు కాబట్టి: 38458 నుంచి 38470 దాకా 13 సంఖ్యలు, 532 నుంచి 1132 దాకా 601 సంఖ్యలు, 3843 నుంచి 3970 దాకా 128 సంఖ్యలు. మూడోది 7813 పదాల వరసగా మొదలై, రుణ సంఖ్యలు ధన సంఖ్యలతో కొట్టుకుపోయాక మిగిలింది.

1 ÷ 500032 దశాంశ రూపం తొమ్మిదో తరగతి అంతంకాని ఆవర్తన దశాంశాల పాఠానికి సరిగ్గా అతుకుతుంది. 0.000001999872008191… అని పోతుంది. 2 ఘాతం 6 కాబట్టి మొదటి 6 అంకెలు ఆవర్తనంలోకి రావు. తర్వాత వచ్చే గుంపు 300 అంకెల పొడవు. క్యాలిక్యులేటర్ పన్నెండు అంకెల దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఇది కంటికి కనపడదు, శేషాలతోనే పట్టుకోవాలి. 10²⁵ని 601తో భాగిస్తే శేషం 5 (చేత్తో చేయాలంటే 10⁶ శేషం −64, 10¹² శేషం −111, 10²⁴ శేషం 301, ఇలా వర్గాలు చేసుకుంటూ రండి). దాంతో 10⁵⁰ శేషం 25, 10¹⁰⁰ శేషం 625 అంటే 24. రెండూ గుణిస్తే 10¹⁵⁰ శేషం 600, అంటే −1. దాన్ని వర్గం చేస్తే 10³⁰⁰ శేషం 1. ఇంకా ముందే 1 రాదా అంటే, 300కి చిన్న కారణాంకాలన్నీ 150, 100, 60లలో ఏదో ఒకదాన్ని భాగిస్తాయి. ఆ మూడింటి శేషాలు 600, 24, 423. ఏదీ 1 కాదు. 13కి గుంపు పొడవు 6. 6, 300ల క.సా.గు. 300.

రెండో జాతికి వస్తే త్వరగా తేలిపోతుంది. అంకెల మొత్తంతో భాగం పోయే సంఖ్యని హర్షద్ అంటారు. ఇక్కడ ఆ మొత్తం 10, చివర సున్నా లేదు కాబట్టి హర్షద్ కాదు. (ఆ పేరు పెట్టింది దేవలాలీలో బడి పంతులుగా పనిచేసిన డి. ఆర్. కాప్రేకర్.) అంకెల వర్గాలు కూడుతూ పోతే 38, 73, 58, 89. 89కి వచ్చిందంటే 1కి ఎప్పటికీ చేరదు, కాబట్టి అన్‌హ్యాపీ. మొదటి అంకె, చివరి అంకె పక్కపక్కన రాస్తే 52, అది 500032ని భాగిస్తుంది (9616 సార్లు), కాబట్టి గ్యాప్‌ఫుల్. కారణాంక రూపం రాయడానికి 2, 6, 13, 601 కలిపి 7 అంకెలు కావాలి, సంఖ్యకి 6 చాలు, కాబట్టి వేస్ట్‌ఫుల్. ఓడియస్ కూడా రాతకే చెందింది కాని పదికి కాదు, రెండు ఆధారానికి. 1111010000101000000లో ఒకట్లు ఏడు, బేసి సంఖ్య. ఈ ఆఖరి దాంట్లో చివరి ఆరు సున్నాలు 2⁶కి గుర్తు, అదొక్కటే అసలు ధర్మం. ఇవన్నీ కలిపి ఒక పేజీ, అంతకు మించి చోటివ్వడం దండగ.

పక్క సంఖ్యలు రెండూ పెడితే ప్రాజెక్టుకి ప్రాణం వస్తుంది. 500031 = 3² × 7 × 7937. అంకెల మొత్తం 9, తొమ్మిదితో భాగం పోతుంది, కాబట్టి అది హర్షద్. 500033, అంటే జూబ్లీహిల్స్ పిన్, 47 × 10639. రెండే ప్రధానాలు, నాలుగే కారణాంకాలు, మొత్తం 5,10,720. తన మీద 10,687 మాత్రమే ఎక్కువ, ఘోరంగా డెఫిషియెంట్. 47ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది కాబట్టి రెండు వర్గాల మొత్తంగా రాయలేం. 500031లో 7 వల్ల అదీ కుదరదు. పక్కపక్క ఇళ్లవాళ్లే అయినా గుణాల్లో పోలికే లేదు. ఒకటి కలిపితే కారణాంకాలన్నీ తలకిందులవుతాయి. అసలు పిన్ కోడ్ అనేది 15 ఆగస్టు 1972న తపాలా సార్టింగ్ కోసం వచ్చిన చిరునామా గుర్తు. మొదటి 5 మన జోన్, 500 హైదరాబాద్ సార్టింగ్ జిల్లా. కాబట్టి సంఖ్య గుణాలకీ ఊరి గుణాలకీ ముడిపెట్టే న్యూమరాలజీ వైపు పాపని పోనివ్వకండి.

ఇక పెద్ద సంఖ్యలు. మూడో ప్రశ్నకి మొదట ఒక జాగ్రత్త: పది అంకెల ఉదాహరణ కోసం ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరో, పన్నెండు అంకెల కోసం ఆధార్ నంబరో చార్టు మీద రాయించకండి. ఏదో ఒక సంఖ్య మీరే కల్పించుకోండి.

చేత్తో భాగించే పద్ధతి ఆరు అంకెల వరకే మర్యాదగా ఉంటుంది, 1000 లోపు ప్రధానాలు చాలు కనుక. పది అంకెలకి లక్ష లోపు ప్రధానాలన్నీ కావాలి, అవి 9,592. కంప్యూటర్‌కి అది రెప్పపాటు పని, మనిషికి కాదు. "వర్గాల తేడాతో విడగొడితే పోదా" అని ఫెర్మా పద్ధతి గుర్తొస్తే, అది రెండు కారణాంకాలు దగ్గరగా ఉన్నప్పుడే నడుస్తుందని గుర్తుంచుకోండి. 500033కి 708 నుంచి మొదలుపెట్టి 5343 దాకా 4,636 మెట్లు ఎక్కాలి. మామూలు భాగహారం 47 దగ్గర, అంటే పదిహేనో ప్రధానంతోనే, పట్టుకుంటుంది.

ప్రధానమా కాదా అన్నది మాత్రమే కావాలంటే కారణాంకాలు వెతకనక్కర్లేదు. ఫెర్మా పరీక్ష (a అనే ఆధారం తీసుకుని, aⁿ⁻¹ని nతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడడం) ఒక్కటే నమ్మొద్దు. 341 = 11 × 31 ఆధారం 2తో ప్రధానంలా నటిస్తుంది. అందరికీ తెలిసిన 1729 అయితే సాపేక్ష ప్రధానమైన ఏ ఆధారంతో పరీక్షించినా దొరకదు. దానికంటే గట్టిదైన మిల్లర్–రాబిన్ పరీక్ష వాడండి. ఆధారాలు 2, 3, 5, 7 చాలు, 3,21,50,31,751 కంటే చిన్న సంఖ్యలకి ఇది ఊహ కాదు, కచ్చితమైన నిర్ణయం. సరిగ్గా ఆ సంఖ్య దగ్గర పరీక్ష మోసపోతుంది. 11ని కూడా కలిపితే 2,15,230 కోట్ల పైచిలుకు వరకు గ్యారంటీ, పన్నెండు అంకెలన్నీ అందులో పడతాయి. 37 వరకు ఉన్న పన్నెండు ప్రధానాలూ వాడితే 2⁶⁴ లోపు ఏదైనా తేలుతుంది. 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి అగ్రవాల్, కయాల్, సక్సేనా ఇచ్చిన పద్ధతి సిద్ధాంతంగా మహత్తరమైనది, కానీ రోజువారీ పరీక్షకి నెమ్మది. కారణాంకాలే కావాలంటే కష్టం ఏ స్థాయిదో చెప్పడానికి ఒక కొలత: ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్య 2020లో గానీ విడిపోలేదు.

పిల్లల ప్రాజెక్టుల్లో పెద్ద సంఖ్యలు చెడేది గణితం దగ్గర కాదు, ఎక్సెల్ దగ్గర. ఎక్సెల్ 15 అంకెల వరకే దాచుకుంటుంది. పదహారు అంకెల సంఖ్య కొడితే చివరి అంకె చప్పుడు లేకుండా సున్నా అయిపోతుంది. దాంతో బేసి సంఖ్య కాస్తా 10తో భాగం పోయేదిగా మారి కూర్చుంటుంది. జావాస్క్రిప్ట్‌తో చేసిన వెబ్ క్యాలిక్యులేటర్లు చాలావరకు 9,00,71,99,25,47,40,991 దాటితే నమ్మదగ్గవి కావు. పైథాన్‌లో పూర్ణ సంఖ్యలకి హద్దు లేదు గానీ, ఒక్క గీత భాగహారం వాడితే దశాంశంలోకి మారి అదే తప్పు వస్తుంది. రెండు గీతల భాగహారం, శాతం గుర్తుతో శేషం, వర్గమూలానికి మ్యాథ్ మాడ్యూల్‌లోని ఐస్క్వేర్‌రూట్ (isqrt, 3.8 వెర్షన్ నుంచి ఉంది) వాడాలి. లైనక్స్‌లో ఫ్యాక్టర్ కమాండ్, లేదా పారీ జీపీ అనే గణిత సాఫ్ట్‌వేర్ అయితే ఈ గొడవే లేదు.

ఎక్సెల్ తప్ప వేరే లేకపోతే సెల్‌ని టెక్స్ట్‌గా పెట్టి, సంఖ్యని మూడేసి అంకెల గుంపులుగా పక్క సెల్స్‌లోకి విడగొట్టండి. కుడి చివరి గుంపు నుంచి ప్లస్, మైనస్ ఏకాంతరంగా వేస్తే 7, 11, 13 ఒకేసారి తేలతాయి. అన్నీ ప్లస్‌గా కూడితే 3, 9, 37 తేలతాయి, 999 = 27 × 37 కాబట్టి. పదహారు అంకెలకి ఆరు గుంపులు, ఎడమ చివరిది ఒకే అంకెతో ఉంటుంది. గుంపులు ఎడమ నుంచి విడగొట్టడం మొదలుపెడితే మాత్రం గుంపులన్నీ తారుమారై అంతా తప్పుతుంది.